ఈ ఆటను రమ్మీతో కలిపి తిట్టకండి

సంపాదకుల గారికి నమస్కారం.

ఆన్‌లైన్ ఆటల గురించి మీ పత్రికలో వార్త వచ్చిందంటే అది చెడ్డ వార్తే అయ్యుంటుంది. ఎవరో రమ్మీలో ఎకరాలు పోగొట్టుకున్నాడనో, ఫోన్ లాక్కున్నారని ఎవరి పిల్లాడో ఇంట్లోంచి వెళ్లిపోయాడనో. అవి రాయాల్సిన వార్తలే, వద్దనడం లేదు. కానీ అన్నీ రాసి చివర్లో "వీడియో గేముల వ్యసనం" అని ఒక మాట వేసి అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు చూడండి, నా అభ్యంతరమంతా దాని మీదే. డబ్బు పెట్టి ఆడే ఆట వేరు, బుర్ర పెట్టి ఆడే ఆట వేరు. ఈ తేడా ప్రభుత్వానికి కూడా తెలుసు. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగు లాంటివి నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెం ఆటలను దేశమంతా నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను, అంటే కంప్యూటర్ ఆటల పోటీలను, విడిగా గుర్తించి, వాటిని ప్రోత్సహించాలని చెప్పింది. చట్టం చూపించిన తేడా పత్రిక ఎందుకు చూపించదు అని అడుగుతున్నాను.

నేను గుత్తిలో ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి నడుపుతాను. వయసు నలభై దాటింది. రాత్రి అంగడి మూసి, అన్నం తిని, పిల్లలు పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆడే ఆట ఒకటుంది. దాని పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. ఆడినవాళ్లకు ఆ పేరు చెప్తే చాలు, మొహం వెలిగిపోతుంది, వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఆడనివాళ్ల కోసమే ఈ ఉత్తరం, ముఖ్యంగా ఇంట్లో పిల్లలు ఈ ఆట ఆడుతుంటే వెనక నిలబడి "ఏముందిరా అందులో" అని విసుక్కునే తల్లిదండ్రుల కోసం. ఏముందో చెప్తాను, కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిక పట్టి వేసుకోండి.

ఈ ఆటను తయారు చేసింది టెక్సాస్‌లో ఉన్న ఎన్సెంబుల్ స్టూడియోస్ అనే కంపెనీ, విడుదల చేసింది మైక్రోసాఫ్ట్. మొదటి భాగం 1997లో, రెండోది 1999లో వచ్చాయి. మా తరానికి ఇది అనంతపురం నెట్ సెంటర్లలో దొరికింది. గంటకింత అని కట్టి, పక్కపక్క కంప్యూటర్లు ల్యాన్‌లో కలుపుకుని, ఎదుటివాడి స్క్రీన్‌లోకి తొంగి చూడనని ముందే ఒట్లు పెట్టించుకుని ఆడేవాళ్లం. కీబోర్డు మీద 11 కొట్టి ఎంటర్ నొక్కితే అవతలివాళ్ల స్పీకర్లో పకపకా నవ్వు వినబడేది, గెలిచేవాడు అది కొడితే ఓడేవాడికి ఒళ్లు మండిపోయేది. ఆట తయారు చేసిన ఎన్సెంబుల్ కంపెనీ 2009లో మూతపడింది. ఆట మాత్రం బతికే ఉంది. 2013లో ఒకసారి, 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్ పేరుతో ఇంకోసారి కొత్త బొమ్మలతో, కొత్త రాజ్యాలతో వచ్చింది, ఇప్పటికీ కొత్తవి చేరుతూనే ఉన్నాయి. 2022లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలో, అంటే రాళ్లతో కట్టిన నిజమైన పాత కోటలోనే, ఈ ఆటల టోర్నమెంటు పెట్టారు. పాతికేళ్లు దాటిన కంప్యూటర్ ఆటకు ఇంత ఆదరణ ఊరికే రాదు కదా.

ఇక ఆట సంగతి. మొదలయ్యేసరికి మీకుండేది ఊరి నడుమ టౌన్ సెంటర్ అనే ఒక భవనం, ముగ్గురు పనివాళ్లు, గుర్రం మీద ఒక వేగు. కాస్త తిండి, కాస్త కట్టె, కొంచెం బంగారం, కొంచెం రాయి. చుట్టూ చూస్తే నల్లటి చీకటి, మ్యాప్‌లో మీ ఇల్లు తప్ప ఇంకేమీ కనబడదు. శత్రువు కూడా ఎక్కడో ఇదే స్థితిలో ఉంటాడు, ఎక్కడున్నాడో తెలియదు. అక్కడి నుంచి పొలాలు వేసి, అడవి కొట్టించి, గనులు తవ్వించి, ఒక్కొక్క యుగమే దాటుకుంటూ నాలుగో యుగానికి చేరి, ఈలోపే సైన్యం తయారు చేసుకుని ఎదుటివాడి రాజ్యాన్ని పడగొట్టాలి. నాలుగు ముక్కల్లో చెప్తే ఇంతే.

కానీ ఇందులో "నీ వంతు, నా వంతు" అని ఉండదు. గడియారం ఆగదు. ఒక పనివాడు తయారవడానికి 50 ఆహారం, 25 సెకన్లు పడుతుంది, ఆ తర్వాత వెంటనే ఇంకొకడు మొదలవ్వాలి, టౌన్ సెంటర్ ఖాళీగా ఉన్న ప్రతి సెకను ఎదుటివాడికి ఇచ్చిన బహుమతే. ఐదుగురికి ఒక ఇల్లు కావాలి, ఇంటికి 25 కట్టె కావాలి, ఆ కట్టె సమయానికి లేకపోతే ఇల్లు లేదు, ఇల్లు లేకపోతే కొత్త మనిషి రాడు. రెండో యుగానికి పోవాలంటే 500 ఆహారం పోగవ్వాలి, మూడో యుగానికి 800 ఆహారంతో పాటు 200 బంగారం, అందుకే ఎంతమందిని గొర్రెల దగ్గర పెట్టాలి, ఎంతమందిని చెట్ల దగ్గర పెట్టాలి, బంగారు గని దగ్గరికి మొదటి మనిషిని ఎప్పుడు పంపాలి అని లెక్క మనసులో నడుస్తూనే ఉండాలి. పెళ్లింట్లో వంట మేస్త్రీని చూడండి, ఒక పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఇంకో పొయ్యి మీద పప్పుకు పోపు పెడుతూ, బయట బంతి లేవబోతోందని ఒక చెవి అటే వేసి ఉంచుతాడు, ఆ మనిషి ఒంట్లో ఆ గంటసేపు ఉండే చురుకుదనమే ఈ ఆట ఆడేవాడి ఒంట్లో ఉంటుంది.

మొదటి కొన్ని నిమిషాల్లోనే అడవి పందిని తేవాలి. ఈ ఒక్క పని చెప్తే మిగతా ఆట ఎలా ఉంటుందో మీకు అర్థమవుతుంది. పందిలో 340 ఆహారం ఉంటుంది, గొర్రెలో 100 మాత్రమే, కాబట్టి పంది కావాల్సిందే. ఒక పనివాణ్ణి ఒంటరిగా అడవి అంచుకు పంపి దాన్ని బాణంతో కొట్టించాలి. కొట్టగానే అది తిరగబడి వెంటపడుతుంది. వాణ్ణి వెంటనే వెనక్కి తిప్పి టౌన్ సెంటర్ దగ్గరికి పరిగెత్తించాలి, అక్కడ గొర్రెల్ని కోస్తున్న మిగతావాళ్లంతా ఒక్కసారిగా దాని మీద పడి చంపాలి. అర సెకను ఆలస్యంగా తిప్పితే వాడు చచ్చిపోతాడు, మరీ తొందరపడి ముందే పరిగెత్తిస్తే పంది సగం దారిలో ఆగి తిరిగి అడవిలోకి పోతుంది. ఇదంతా జరుగుతున్నప్పుడే అటు టౌన్ సెంటర్‌లో తర్వాతి మనిషిని మొదలుపెట్టాలి, వేగును చీకట్లోకి ఇంకొంచెం ముందుకు నడపాలి, ఇల్లు కట్టేవాడు కట్టేసి ఖాళీగా నిలబడితే కట్టెకు పంపాలి. శత్రువు ఇంకా కనబడనే లేదు, అయినా గుండె వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది. నేను ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నాను, పందిని తెచ్చేటప్పుడు ఆ టెన్షన్ ఇప్పటికీ తగ్గలేదు.

ఆ చీకటి సంగతి కూడా చెప్పాలి. వేగు నడిచిన మేర నేల కనబడుతుంది, కానీ వాడు దాటిపోయాక దాని మీద మళ్లీ పొగమంచు లాంటిది కమ్ముకుంటుంది. కొండ కొండే, చెరువు చెరువే, కానీ అక్కడ ఇప్పుడు ఎవరు తిరుగుతున్నారో మీకు తెలియదు. ఇందాక అక్కడ రెండు గుర్రపుసాలలు చూశారనుకోండి, అంటే గుర్రాలు వస్తాయి, మీరు బల్లేలు సిద్ధం చేసుకోవాలి. ఒక్కో బల్లెం మనిషికి 35 ఆహారం, 25 కట్టె చాలు, బంగారం అక్కర్లేదు. రౌతుకు 60 ఆహారం, 75 బంగారం కావాలి. చవకైన బల్లేలు ఖరీదైన గుర్రాల్ని కూల్చేస్తాయి. కానీ ఎదుటివాడు కావాలనే ఆ సాలలు మీకు చూపించి లోపల విలుకాళ్లను తయారు చేస్తుంటే? బల్లెం వాళ్లు బాణాలకు నిలవరు. ఒక వేగు ఒక్క క్షణం చూసిన దాన్ని బట్టి మీ ఊరి భవిష్యత్తు మొత్తం పందెం కాయాలి, తప్పదు, నిర్ణయం తీసుకోకపోవడం కూడా నిర్ణయమే అవుతుంది, ఎందుకంటే గడియారం ఆగదు.

మా అన్న కొడుకు కడపలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవుల్లో ఇద్దరం హెడ్‌ఫోన్లలో మాట్లాడుకుంటూ ఆన్‌లైన్‌లో తలపడతాం. ఆట మొదట్లో ఎవరికి కావలసిన రాజ్యం వాళ్లు ఎంచుకోవాలి. మొన్నామధ్య వాడు ఐరోపావాళ్లైన ఫ్రాంకులను తీసుకున్నాడు, వాళ్ల గుర్రాలు భయంకరమైనవి, కోటలు కూడా మిగతావాళ్ల కంటే తక్కువ రాయితో కట్టగలరు. నేను మన దక్షిణాదివాళ్లైన ద్రవిడియన్లను తీసుకున్నాను, వీళ్లకు పెద్ద రౌతులు అసలు ఉండరు, కాలిబలమే బలం. వాడు నా బంగారు గని మీదికి వచ్చే దారిలో ఒక గుట్ట చూసుకుని దాని మీద కోట కట్టేశాడు. ఈ ఆటలో ఎత్తు నుంచి కొట్టే దెబ్బ నాలుగో వంతు ఎక్కువ తగులుతుంది, కింద నుంచి పైకి కొట్టేది నాలుగో వంతు తక్కువ తగులుతుంది, కాబట్టి గుట్ట మీద కోట ఉందంటే కింద ఉన్నవాడికి ఊపిరి ఆడదు. దానికి ఒకటే మందు, ట్రెబుషే. పూర్వం ఐరోపాలో, అరబ్బు దేశాల్లో కోట గోడల మీదికి బండలు విసరడానికి వాడిన పెద్ద యంత్రం అది. కోట బాణాలు అందనంత దూరం నుంచి గోడ మీద బండలు వేయగలదు, కానీ విప్పి నిలబెట్టడానికి, మళ్లీ మడిచి కదిలించడానికి సమయం తీసుకుంటుంది, ఆ సమయంలో నాలుగు గుర్రాలు వచ్చి మీద పడితే అంతే సంగతులు.

ఉన్న బంగారమంతా ఊడ్చి ట్రెబుషేలు చేయించాను. పక్కనున్న చెట్ల గుంపులో బల్లెం వాళ్లను దాచాను. మొదటి బండ లేచి గోడకు తగిలిన చప్పుడు హెడ్‌ఫోన్లో వినబడింది, రెండోది తగిలింది, అప్పుడు కొమ్ము బూర మోగింది. ఈ ఆటలో మీ వాళ్ల మీద ఎక్కడైనా దాడి జరిగితే ఆ బూర మోగుతుంది, మూలనున్న చిన్న మ్యాప్‌లో ఆ చోటు మెరుస్తుంది. మెరుస్తున్నది గుట్ట దగ్గర కాదు, నా పొలాల దగ్గర. వాడు కొన్ని తేలిక గుర్రాలను మ్యాప్ అంచు చుట్టూ తిప్పి వెనక నుంచి పంపాడు. "చిన్నాయనా, నీ చేన్లల్లో మనుషులు చస్తా ఉండారు, చూసుకోవా?" అన్నాడు. నా చూపు పొలాల మీదికి పోతే ఆ రెండు సెకన్లలో వాడి పెద్ద గుర్రాలు కోటలోంచి దిగి ట్రెబుషేల మీద పడతాయి, వాడికి కావలసింది అదే. ఊరి గంట కొట్టాను, పొలాల్లో బతికున్నవాళ్లంతా పరిగెత్తి టౌన్ సెంటర్‌లో దూరారు, అంతే, మళ్లీ అటు చూడలేదు. అనుకున్నట్టే గుర్రాలు దిగాయి. చెట్లలోంచి బల్లేలు లేచాయి. "ముందు నీ కోట చూసుకోరా" అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినబడింది. బండ వెంట బండ పడి ఆ కోట కుప్పకూలింది. చివరికి ఆట వాడే గెలిచాడు, నా పొలాలు మళ్లీ కోలుకునేలోపు ఇంకో చోట ఇంకో కోట లేపేశాడు. అయినా ఆ రాత్రి చాలాసేపు నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. దేన్ని కాపాడుకోవాలి, దేన్ని వదులుకోవాలి అని రెండు సెకన్లలో తేల్చుకోవడం, తేల్చుకున్నాక దాని మీదే నిలబడటం, ఆ అనుభవం నాకు అంగట్లో దొరకదు, సినిమాలో దొరకదు, క్రికెట్ చూస్తే దొరకదు.

చదరంగం అంటే మనవాళ్లకు గౌరవం ఉంది. కోనేరు హంపి పేరు చెప్తే ప్రతి తెలుగువాడూ ఛాతీ విరుచుకుంటాడు, అలా ఉండాల్సిందే. చదరంగంలో బల్ల మొత్తం ఇద్దరికీ కనబడుతుంది, ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేస్తారు. ఇక్కడ బల్ల సగం చీకట్లో ఉంటుంది, ఇద్దరూ ఒకేసారి ఎత్తులు వేస్తుంటారు, బల్ల మీద పావుల్ని కూడా ఆడుతూనే తయారు చేసుకోవాలి. కంప్యూటర్ 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను చదరంగంలో ఓడించింది, 2016లో గో అనే బల్ల ఆటలో కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్‌ను ఓడించింది. ఇదే కోవకు చెందిన స్టార్‌క్రాఫ్ట్ 2 అనే ఆటలో గ్రాండ్‌మాస్టర్ స్థాయి అందుకోవడానికి డీప్‌మైండ్ కంపెనీ కృత్రిమ మేధకు 2019 దాకా పట్టింది. కనబడని శత్రువుతో, ఆగని గడియారంతో ఆడటం ఎంత కష్టమో దీన్ని బట్టే తెలుస్తుంది. అలాంటి ఆటను పిల్లల పిచ్చి అని కొట్టిపారేయడం నాకు న్యాయంగా అనిపించదు.

చరిత్ర సంగతికొస్తే, మూడో క్రూసేడుకు, అంటే జెరూసలేం కోసం చేసిన మతయుద్ధానికి, బయల్దేరిన జర్మనీ చక్రవర్తి బార్బరోసా 1190లో దారిలో ఒక నది దాటుతూ మునిగి చనిపోయాడని నాకు బడిలో ఎవరూ చెప్పలేదు, ఈ ఆట చెప్పింది. సలాదీన్ ఎవరు, జోన్ ఆఫ్ ఆర్క్ కథేంటి, మంగోలులు అంత దూరం ఎలా పోగలిగారు, ఇవన్నీ ముందు ఆటలో ఆడి, తర్వాత కుతూహలం ఆగక పుస్తకాలు వెతుక్కుని చదివినవే. 1999లో వచ్చిన 13 రాజ్యాల్లో మన దేశం లేదు. 2013లో "ఇండియన్స్" అని ఒక్క పేరుతో మనందరినీ కలిపి పెట్టారు. 2022లో దాన్ని విడదీసి హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడియన్లు అని నాలుగు చేశారు, రాజేంద్ర చోళుడి దండయాత్రలు ఒక కథగా పెట్టారు. ఆ రాజేంద్రుడి కూతురు అమ్మంగదేవిని పెళ్లాడినవాడే మన రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం రాయించినవాడు. వాళ్ల కొడుకే తర్వాత కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. ద్రవిడియన్లకు ఒక ప్రత్యేక విద్య కూడా ఇచ్చారు, మేలురకం ఉక్కు, అది నేర్చుకుంటే మీ కత్తి దెబ్బ శత్రువు కవచాన్ని లెక్కచేయదు. అలాంటి ఉక్కు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారయ్యేదని, అక్కడి నుంచి విదేశాలకు పోయేదని చరిత్రకారులు రాశారు. ఆటలో ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ నాకు ఆ కొలుములే గుర్తొస్తాయి.

కానీ ఆ ద్రవిడియన్లు మాట్లాడేది తమిళం. దానికి నాకేం కోపం లేదు, చోళుల కథ కాబట్టి తమిళమే ఉండాలి. మన కథ మనం చెప్పుకోలేదు, అదీ బాధ. రాయచూరు యుద్ధం కంటే ఈ ఆటకు సరిపోయే యుద్ధం ఏముంది చెప్పండి? 1520 మే 19న కృష్ణా నది ఒడ్డున శ్రీకృష్ణదేవరాయలు, బీజాపూరు ఇస్మాయిల్ ఆదిల్‌షా తలపడ్డారు. పోర్చుగీసువాడు నూనిజ్ రాసిన దాని ప్రకారం ఆదిల్‌షా ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేల్చేసరికి రాయల ముందువరస చెదిరిపోయి వెనక్కి తిరిగింది. అంతా అయిపోయిందనుకునే ఆ ఘడియలో రాయలు తానే గుర్రమెక్కి ముందుకు దూకాడు. ఫిరంగి ఒకసారి పేలాక మళ్లీ పేలాలంటే సమయం పడుతుంది, ఆ సందులో దూరి శత్రువును నదిలోకి నెట్టేశారు. ఈ ఆట ఆడేవాడెవడైనా ఇది చదివి కుర్చీలో ముందుకు జరుగుతాడు, ఎందుకంటే ఆటలో కూడా ఫిరంగి సరిగ్గా అంతే, రెండు గుళ్ల మధ్య ఉన్న వ్యవధిలోనే గుర్రాల్ని దూకించాలి. ఆ తర్వాత రాయచూరు కోట ముట్టడి ఇంకా గొప్పగా ఉంటుంది. క్రిస్టోవావో ద ఫిగరేదో అనే పోర్చుగీసువాడు తన తుపాకి మనుషులతో గోడ మీద తల ఎత్తినవాణ్ణల్లా కొడుతుంటే, కింద రాయల సైనికులు గడ్డపారలతో గోడ రాళ్లు ఒక్కొక్కటే పెకలించారు.

మా గుత్తి కోట గురించి కూడా ఒక మాట. కొండ మీద ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునే మంటపం ఉంది, అక్కడి నుంచి చూస్తే కింద ఊరూ, మైదానమూ అన్నీ కనబడతాయి, అక్కడే కూర్చుని ఆయన చదరంగం ఆడేవాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. అంత ఎత్తు, అంత బలమైన గోడలు, అయినా 1776లో హైదర్ అలీకి ఆ కోట లొంగింది, ఎందుకంటే పైన నీళ్లు అయిపోయాయి. ఆటలో నాలుగే వనరులు: ఆహారం, కట్టె, బంగారం, రాయి. నీళ్లు లేవు. సీమవాడెవడైనా ఈ ఆటను తయారు చేసి ఉంటే అన్నిటికంటే ముందు నీళ్లే పెట్టేవాడు. గుత్తి, పెనుకొండ, రాయదుర్గం, ఏ కోటకు పోయినా గోడల కంటే ఎక్కువగా బావుల్ని, కోనేర్లనే చూడాలి. గండికోటలో కూడా అంతే, పెన్నా లోయను చూసి ఫొటోలు దిగి వచ్చేస్తారు, లోపలున్న పెద్ద ధాన్యాగారం ముందు నిలబడి ఇందులో ఎన్ని పుట్లు పట్టేవి, ఎంతమంది ఎన్నాళ్లు తినేవాళ్లు అని ఆలోచించేవాళ్లు తక్కువ. నేను ఆలోచిస్తాను, ఆ ఆలోచన నాకు ఈ ఆట నేర్పిందే.

ఇందులో సీనారియో ఎడిటర్ అని ఒక సాధనం ఆటతోపాటే వస్తుంది. కొండలు, నదులు, గోడలు మనమే గీసుకుని, ట్రిగ్గర్లు అనే వాటితో షరతులు పెట్టుకోవచ్చు. ఫలానా బావి శత్రువు చేతికి పోతే ఇంతసేపటి తర్వాత కోటలోని సైనికుల బలం తగ్గడం మొదలవ్వాలి అని పెట్టొచ్చు. అంటే గుత్తి ముట్టడిని, నీళ్ల కరువుతో సహా, ఇంజినీరింగ్ చదివే పిల్లలు నలుగురు కూర్చుంటే ఒక వేసవిలో తయారు చేయగలరు. రాయచూరు కూడా అంతే. మన కర్నూలు, కడప, అనంతపురం కాలేజీల్లో అలాంటి పిల్లలు ఉన్నారు, మా అన్న కొడుకును, వాడి స్నేహితులను చూసి చెప్తున్నాను. వాళ్లకు కావలసింది ఎవరో ఒకరు "ఇది మంచి పని, చేయండి" అనడం, కోట కొలతలు, యుద్ధం వివరాలు తెలిసిన చరిత్ర మాస్టార్లు పక్కన కూర్చోవడం.

రాత్రంతా మేలుకుని ఆడితే ఏ ఆటైనా చెడ్డదే, పరీక్షల ముందు పిల్లల్ని ఆపాల్సిందే, దాని మీద నాకు తల్లిదండ్రులతో గొడవ లేదు. ఇది కొనుక్కుని ఆడే ఆట, ఆడుతున్నంతసేపూ ఎవరూ మిమ్మల్ని పందెం కాయమనరు. ఒక ఆట మామూలుగా గంట లోపో, కాస్త అటూ ఇటుగానో ముగుస్తుంది, గెలుపో ఓటమో తేలిపోతుంది. మీ పిల్లాడు ఈ ఆట ఆడుతుంటే ఒక్కసారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని "ఇప్పుడు ఏం చేయబోతున్నావు, ఎందుకు" అని అడగండి. వాడు చెప్పే జవాబులో ఎంత లెక్క ఉంటుందో, ఎంత ముందుచూపు ఉంటుందో మీకే తెలుస్తుంది.

మీకు నా విన్నపం ఒకటే. ఆదివారం అనుబంధంలో సినిమాకు పేజీలు ఇస్తున్నారు, క్రికెట్‌కు ఇస్తున్నారు, నెలకు ఒక్కసారి అర పేజీ ఇలాంటి వ్యూహాల ఆటలకు, వాటిలో మన చరిత్రను తయారు చేసే పిల్లలకు కేటాయించండి. ఎవరైనా విద్యార్థులు గుత్తి ముట్టడిని ఆటగా తయారు చేస్తామంటే, కొండ పైదాకా దగ్గరుండి తీసుకుపోయి ఏ గోడ ఎటు తిరుగుతుందో, ఏ బావి ఎక్కడుందో చూపించే బాధ్యత నాది. ఆదివారాలు అంగడి సెలవే, మీ పత్రిక ద్వారా కబురు పెడితే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుత్తి, అనంతపురం జిల్లా